బొబ్బరహిత పురపాలక సంఘం

మా గెడ్డపాలెం పురపాలక సంఘంలో మొత్తం రెండు వందల పద్నాలుగు మంది ఉద్యోగులం. విశ్వమోహనరావు గారు కమిషనరుగా వచ్చేదాకా మాలో ఎవరు ఏం తొడుక్కుని నడుస్తున్నారో ఎవరూ పట్టించుకోలేదు. వీధులు ఊడ్చేవాళ్లవి రబ్బరు చెప్పులు, గుమస్తాలవి తోలు చెప్పులు, తోటమాలివి ఉత్త కాళ్లు. ఊరు ఎలాగో నడిచిపోయేది.

చేరిన రెండో నెలలో కమిషనరు గారు పట్నంలో పదిరోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. క్రమశిక్షణ అనేది మనిషి పాదాల దగ్గర పుట్టి పైకి ఎక్కుతుందని అక్కడ ఒక ఉపన్యాసకుడు చెప్పాడట. వచ్చిన మర్నాడే మమ్మల్నందరినీ హాల్లో సమావేశపరిచారు.

“పరిపాలనకు పాదమే పునాది,” అన్నారాయన. “ఒకటో తారీఖు నుంచి సిబ్బంది యావన్మందీ నల్లతోలు బూట్లు ధరించి విధులకు హాజరు కావలెను. ఎటువంటి మినహాయింపులకూ తావు లేదు.”

బూట్లు కొనడానికి నాలుగు రోజులే గడువుంది. నాలుగు వందల ఇరవై ఎనిమిది పాదాలను నాలుగు రోజుల్లో కొలవడం ఎవరివల్లా కాదు. కమిషనరు గారు నన్ను పిలిచి, “పట్నాయక్, సగటు తీయండి,” అన్నారు.

నేను సి-మూడు సెక్షన్లో జూనియర్ అసిస్టెంటుని. మెట్ల దగ్గర నిలబడి, వచ్చేపోయే ముప్ఫై మందిని సైజు అడిగాను. కూడాను, భాగించాను. ఏడు మీద కొంచెం వచ్చింది. ‘సగటు ఉద్యోగి పాదము ఏడు’ అని ఫైలులో రాశాను. రెండు వందల పద్నాలుగు జతలూ ఏడో నంబరువే వచ్చాయి. ఆ లెక్కలో తప్పేమీ లేదు. తర్వాత మూడుసార్లు సరిచూశాను కూడా.

మా దోమల విభాగంలో అసిరితల్లి అని ఒకావిడ ఉంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. రోజూ వంద ఇళ్లకు వెళ్లి నీళ్ల డ్రమ్ముల్లోకి, పూలకుండీల కింది పళ్లాల్లోకి, కొబ్బరిచిప్పల్లోకి టార్చి వేసి చూస్తుంది. దోమ పిల్లలు కనబడితే ఆ నీళ్లు పారబోయించి, గోడమీద సుద్దముక్కతో తారీఖు వేస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే పని. ఎనిమిదేళ్ల నుంచి షుగరు మాత్ర వేసుకుంటోంది. ఆవిడ పాదం అయిదో నంబరు.

బూట్లు పంచిన రోజు ఆవిడ నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

“బాబూ, ఈటిలో నా కాలెట్టినా మరో మడిసి కాలికి సోటుండిపోతంది. గుడ్డపేలికలు కుక్కుకున్నాను. అయినా మడం కాడ రాసుకుంటంది.”

“కొత్తవి కదమ్మా. నాలుగు రోజులు తొడిగితే అవే సర్దుకుంటాయి,” అన్నాను. ఆ రోజు నేను ఎనభై మందికి చెప్పిన మాట అదే.

అవి సర్దుకోలేదు. నాలుగో రోజుకల్లా కార్యాలయం కుంటడం మొదలెట్టింది. నీళ్ల విభాగం వాళ్లు మడమల మీద నడిచారు. పది నంబరు పాదాలున్న తోటమాలి అసలు నడవడం మానేసి, చెట్టు కింద కూర్చుని మొక్కలకు దూరం నుంచే నీళ్లు విసిరాడు. ఫిర్యాదులు వచ్చాయి. కమిషనరు గారు ఫిర్యాదులను లక్ష్యపెట్టని మనిషి కారు. వెంటనే బొబ్బల ధ్రువీకరణ కమిటీ వేసి, తానే అధ్యక్షుడై, నన్ను కార్యదర్శిని చేశారు.

ఉత్తర్వు చిత్తుప్రతి నేనే రాశాను. ‘బొబ్బలు పెట్టినవారు వెంటనే కమిటీకి తెలియజేయవలెను’ అని మొదలుపెట్టాను. ఆయన ఎర్రసిరాతో ఒక వాక్యం చేర్చారు: ‘ఇచ్చట బొబ్బ అనగా కాలిది; నోటిది కాదు. నోటితో పెట్టు బొబ్బలపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును.’

కమిటీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి రెండో అంతస్తులో కూర్చుంటుంది. అడ్డంగా కొలిస్తే బొబ్బ ఒక సెంటీమీటరుకు తగ్గకూడదు. తనిఖీ సమయానికి నిండుగా ఉండాలి. తనిఖీకి ముందు దానికి మందు రాసినా, గుడ్డ కట్టినా ఆధారం చెరిపినట్టు లెక్క. దరఖాస్తుదారు బూట్లు తొడుక్కునే రావాలి. లేకపోతే ఆ బొబ్బ బూటు వల్లే వచ్చిందని నమ్మకం ఏమిటి? ఇవన్నీ దాటినవారికి వారం రోజులు చెప్పులు తొడుక్కోడానికి అనుమతిపత్రం ఇస్తారు.

అసిరితల్లికి బొబ్బ మంగళవారం లేచింది. కుడి మడమ మీద, రేగుపండంత. చూపించడానికి నా దగ్గరకే వచ్చింది.

“శుక్రవారం దాకా ఆగాలమ్మా,” అన్నాను.

“అందాకా మందేటీ రాసుకోకూడదా?”

“ఆధారం పోతుంది.”

“మరి నడవకుండా కూకోవొచ్చా?”

“నడవకపోతే పని ఎగ్గొట్టినట్టవుతుంది.”

ఆవిడ “అలగేనండీ,” అని వెళ్లిపోయింది. బుధవారం వంద ఇళ్లు, గురువారం వంద ఇళ్లు తిరిగింది. శుక్రవారం పొద్దున మరో అరవై చూసుకుని, మధ్యాహ్నం రెండో అంతస్తుకు బయల్దేరింది. మా కార్యాలయానికి లిఫ్టు లేదు. నలభై ఆరు మెట్లు.

కమిటీ గదిలో ఎత్తుబల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. అసిరితల్లి బూటు విప్పి దానిమీద కాలు పెట్టింది. కమిషనరు గారు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశారు.

“ఏమ్మా, బొబ్బ ఎక్కడ?”

“మెట్ల మీద పగిలిపోనాదండీ.”

“అంటే, ప్రస్తుతం లేదు.”

“తోలు ఉన్నాదండీ. నీరే కారిపోనాది. రెండో మలుపు కాడ బూటు ఇప్పి దులిపీసినాను. తడి ఇంకా ఉంటాది, సూసుకోండి.”

కమిషనరు గారు నా వైపు తిరిగారు. “పట్నాయక్, వెళ్లి పరిశీలించి రండి.”

వెళ్లాను. రెండో మలుపులో తడి ఉన్న మాట నిజమే. కాని అది బొబ్బ నీరో, ఎవరైనా ఒలకబోసిన మంచినీళ్లో తేల్చే సాధనం నా దగ్గర లేదు. ఆ మాటే వచ్చి చెప్పాను.

“నిబంధనల ప్రకారం ఇది గత బొబ్బ,” అన్నారు కమిషనరు గారు, విచారంగానే. “ఈ కమిటీకి వర్తమానం మీదే అధికారం ఉంది. మళ్లీ లేచినప్పుడు రామ్మా.”

ఆ రోజు పదకొండు మంది వచ్చారు. పదకొండు మందివీ ఆ మెట్ల మీదే పగిలాయి. మినిట్స్‌లో ‘ధ్రువీకరించిన బొబ్బలు: సున్న’ అని రాసి సంతకం చేశాను.

సోమవారం పొద్దున అసిరితల్లి సంతకం పెట్టడానికి వచ్చి నా బల్ల పట్టుకుని నిలబడిపోయింది. మొహం వాడిపోయి ఉంది. బూటు విప్పమన్నాను. మడమంతా ఎర్రగా కమిలి, చీలమండ దాకా వాచింది. మధ్యలో చీము తెల్లగా కనిపించింది.

“నొప్పి లేదా అమ్మా?”

“పెద్దగా తెలీదండీ, బాబూ. షుగరొచ్చిన కాణ్ణించీ కాళ్లు తిమ్మిరే. అందుకే నాకూ బయిమేసింది.”

నాకూ భయం వేసింది. ఎవరికీ చెప్పకుండా ఆవిణ్ని స్కూటరు మీద ఎక్కించుకుని పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు సుభాషిణి గారు చిన్నావిడ, మాట కటువు. గాయం కడుగుతూనే అడిగారు, “ఎన్నాళ్లయింది?”

“మంగళవారం లేచింది, శుక్రవారం పగిలింది,” అన్నాను.

“ఇన్నాళ్లూ ఓ గుడ్డయినా కట్టలేదా?”

“కట్టకూడదని రూలుందండీ.”

డాక్టరు గారు దూది పక్కన పెట్టి నా మొహంలోకి చూశారు. “ఎవరు పెట్టారు?”

“రాసింది నేనే,” అన్నాను.

“అయితే వినండి. మళ్లీ రాసేటప్పుడు పనికొస్తుంది. బొబ్బ మీది తోలుంది చూశారూ, ఒంటికి అంతకంటే మంచి కట్టు నా దగ్గర కూడా లేదు. దాన్ని పగలనివ్వకూడదు. సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, వదులుగా గుడ్డ కట్టి, రాసుకునే బూటు తీసి పారెయ్యాలి. పగిలిందే అనుకోండి, తోలు పీకకుండా మందు రాసి కప్పాలి. షుగరున్న మనిషైతే ఆ రోజే నా దగ్గరకు రావాలి. ఇంకో నాలుగు రోజులు పోతే పెద్దాసుపత్రిలో ఈవిడ కాలు ఉంచాలా తియ్యాలా అని మాట్లాడుకునేవాళ్లు.”

అసిరితల్లి ఆ మాట విని, చీర అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

మూడు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. సెలవుకు సర్టిఫికెట్టు రాయబోతుంటే నేను అడ్డుపడ్డాను. “డాక్టరు గారూ, బొబ్బ అని మాత్రం రాయకండి. కమిటీ ధ్రువీకరించనిదే బొబ్బకు సెలవు రాదు.”

“బొబ్బేమిటి? ఇది పుండు,” అన్నారావిడ.

ప్రాణం లేచొచ్చింది. పుండుకు మా దగ్గర కమిటీ లేదు. సెలవు పావుగంటలో మంజూరైంది.

ఇంటి దగ్గర దింపుతుంటే అసిరితల్లి అంది, “వానలు మొదలైపోనాయి కదండీ. నా వందిళ్లూ ఎవులు సూస్తారు?” ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే సగటు తీసిన కాగితం కళ్లముందు మెదిలింది. ఆ ముప్ఫై మందిలో ఆవిణ్ని నేను అడిగిన గుర్తు లేదు.

నెలాఖరున సిబ్బంది ఆరోగ్య నివేదిక జిల్లాకు పోయింది. ‘పంపిణీ చేసిన బూట్లు: రెండు వందల పద్నాలుగు జతలు. బూట్ల వలన కలిగిన బొబ్బలు: సున్న.’ జిల్లా కార్యాలయంలో ఆ సున్నను చూసి ముగ్ధులయ్యారు. మిగతా పురపాలక సంఘాలకు గెడ్డపాలెం మార్గదర్శి అన్నారు. ‘బొబ్బరహిత పురపాలక సంఘం’ అని ప్రశంసాపత్రం ఇస్తామని, ఆ సందర్భంగా ప్రజల్లో చైతన్యం కోసం మూడు కిలోమీటర్ల బొబ్బల నివారణ నడక జరపాలని, దానికి కమిషనరే ముందు నడవాలని ఉత్తరం వచ్చింది.

అప్పటిదాకా కమిషనరు గారు తన సొంత మెత్తటి బూట్లే వాడేవారు. అవి కూడా కారు దగ్గర నుంచి కుర్చీ దాకానే. ఇప్పుడు ఫొటోలో అందరి కాళ్లూ ఒకేలా కనిపించాలి కనక ఏడో నంబరు జత తెప్పించుకున్నారు.

“సార్, మీ పాదం తొమ్మిది,” అని గుర్తుచేశాను.

“సగటుకు ఏ అధికారీ అతీతుడు కాడు, పట్నాయక్,” అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మీద గౌరవం కలిగింది.

మంగళవారం పొద్దున్నే నడక మొదలైంది. ముందు బ్యాండు, వెనక కమిషనరు గారు, ఆయన పక్కన ఫైలు పట్టుకుని నేను, మా వెనక కుంటుతూ రెండు వందల మంది. “బొబ్బలు వద్దు, బూట్లే ముద్దు!” అని నినాదం. మొదటి కిలోమీటరులో ఆయన గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది. రెండో కిలోమీటరులో నినాదంలో మొదటి సగమే అన్నారు. కుమ్మరివీధి మలుపు తిరిగేసరికి పెదవులు బిగబట్టి, “పట్నాయక్, ఈ గృహ పరిసరాల పారిశుద్ధ్యం పరిశీలించాల్సి ఉంది,” అంటూ పక్కకు తప్పుకుని ఓ ఇంటి అరుగు మీద కూలబడ్డారు. ఊరేగింపు ముందుకు సాగిపోయింది.

అది అసిరితల్లి ఇల్లు. ఆవిడ ఆ అరుగు మీదే, కట్టుకట్టిన కాలు పీట మీద పెట్టుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. కమిషనరు గారి మొహం వైపు చూడలేదు. సరాసరి కాళ్ల వైపు చూసింది.

“బూటు ఇప్పండి, బాబూ.”

“అవసరం లేదమ్మా. కొంచెం విశ్రాంతి...”

“ఇప్పండి ముందు. మీ నడక సూస్తే తెలీదేటి?”

విప్పాం. ఆయన ఒక్కరివల్ల కాలేదు, నేనూ లాగాను. రెండు మడమల మీదా రెండు బొబ్బలు, చిటికెనవేలు పక్కన మరోటి. నిండుగా, నిగనిగలాడుతూ, ఏ కమిటీ అయినా కళ్లకద్దుకునేలా ఉన్నాయి.

“ఇవి బొబ్బలు కావు,” అన్నారు కమిషనరు గారు. “ప్రాథమిక స్థాయి ఉబ్బు.”

“మరి పగలగొట్టీమంటారా?”

“వద్దు, వద్దు!” కాళ్లు పైకి లాక్కున్నారు.

అసిరితల్లి లోపలికి కేకేసి గిన్నెలో నీళ్లు, సబ్బు, డాక్టరు గారిచ్చిన గుడ్డచుట్ట, మందుగొట్టం తెప్పించింది. ఆయన పాదం ఒళ్లో పెట్టుకోబోయి ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగి అమాయకంగా అడిగింది.

“గుమస్తా బాబూ, ఇయ్యాల మంగళవారం కదండీ. సుక్కురవారం దాకా గుడ్డ కట్టకూడదు కదా? ఆదారం పోద్దేమో!”

నేను ఫైలు వైపు చూశాను. కమిషనరు గారు వీధి వైపు చూశారు. బ్యాండు చప్పుడు దూరమైపోతోంది. ఆయన ఆవిడ కట్టుకాలు వైపు ఒకసారి, తన కాళ్ల వైపు ఒకసారి చూసుకుని, చిన్నగొంతుతో, “కట్టమ్మా,” అన్నారు.

ఆవిడ కడిగింది, తుడిచింది, వదులుగా కట్టింది. పసిపిల్లాడి కాలు పట్టుకున్నట్టే పట్టుకుంది. “ఇంక ఆ బూట్లలో కాలెడితే ఈ కట్టంతా గంగలో కలిసిపోద్ది. మా ఆయన సెప్పులేసుకుని ఎల్లండి. తొమ్మిదే.”

నీలంపట్టీ హవాయి చెప్పులు వేసుకుని ఆయన వేదిక ఎక్కారు. జిల్లా అధికారి బొబ్బరహిత స్థితిని పొగుడుతున్నంతసేపూ కాళ్లు బల్లకింద దాచుకున్నారు. కాని ప్రశంసాపత్రం అందుకోవడానికి లేవక తప్పలేదు. మర్నాటి పత్రికలో ఫొటో నిలువెత్తున వచ్చింది. పైన చిరునవ్వు, మధ్యలో ప్రశంసాపత్రం, కింద రెండు తెల్లకట్లు, నీలంపట్టీలు. తొమ్మిది గంటలకల్లా జిల్లా నుంచి ఫోను: బూట్ల ఉత్తర్వును కమిషనరే ఎందుకు ఉల్లంఘించారో మూడు రోజుల్లో సంజాయిషీ కావాలని.

ఆయన నన్ను పిలిచి తలుపు వేయించారు. ఉల్లంఘించలేదని చెప్పాలి, బొబ్బలున్నాయని చెప్పకూడదు. ఇద్దరం రెండు గంటలు కూర్చుని ఒక వివరణ ఉత్తర్వు తయారుచేశాం. ‘బూటు అనగా పాదమునకును భూమికిని నడుమ ఉండు వస్తువు. దానికి ముందు భాగము, వెనుక భాగము, పక్క భాగములు ఉండుట ఐచ్ఛికము. ఈ నిర్వచనము గత నెల ఒకటో తారీఖు నుండియే అమలులో ఉన్నట్లు భావించబడును.’

జిల్లా వారు తృప్తి పడ్డారు. మర్నాటి నుంచి అందరూ చెప్పులతో వచ్చారు. బూట్ల ధారణ నూటికి నూరు శాతమని నివేదిక వెళ్లింది. తోటమాలి మాత్రం తన కాళ్లకూ భూమికీ నడుమ కాయకాసిన తోలు ఉందని, కనక ఉత్త కాళ్లు కూడా బూట్లేనని దరఖాస్తు పెట్టుకున్నాడు. దానిమీద న్యాయసలహా కోరాం. ఇంకా రాలేదు.

వారం తర్వాత కమిషనరు గారు మళ్లీ పిలిచారు. బల్లమీద ఫైలేదీ లేదు.

“ఆవిడ మడమ ఎలా ఉంది?” అన్నారు. ఆయన నోట ‘యావన్మందీ’, ‘కావలెను’ లేని వాక్యం వినడం నాకదే మొదలు.

“మానుతోందండీ. సోమవారం నుంచి పనిలోకి వచ్చింది.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. “మనం తప్పు చేశాం, పట్నాయక్. అందరికీ సరిపోయే జతలు తెప్పిద్దాం, ఈసారి సగటు వద్దు. ఒక్కొక్కళ్లవీ కొలవండి. సాయంత్రం పూటే కొలవండి. పొద్దస్తమానం నడిచిన కాలు సాయంత్రానికి ఉబ్బుతుందట. డాక్టరు సుభాషిణి గారు చెప్పారు.” తనూ వెళ్లి ఆవిడ చేత చీవాట్లు తిన్నారని నాకు అర్థమైంది. అడగలేదు.

తెల్లకాగితాల కట్టా, పెన్సిలూ, స్కేలూ పట్టుకుని బయల్దేరాను. అందరివీ కొలవడానికి పంతొమ్మిది సాయంత్రాలు పట్టింది. మొట్టమొదట అసిరితల్లి దగ్గరకే వెళ్లాను. కుమ్మరివీధి చివర ఓ ఇంట్లో డ్రమ్ములోకి టార్చి వేసి చూస్తోంది. గడప మీద కాగితం పరిచి పాదం పెట్టమన్నాను. ఆవిడ సిగ్గుపడింది. “దుమ్ము కాలండీ, బాబూ, కడుక్కొస్తానుండండి.”

“ఫరవాలేదమ్మా, పెట్టండి.”

నేల మీద కూర్చుని పెన్సిలు తిప్పాను. మడమ మీద కొత్తతోలు లేత గులాబీరంగులో మెరుస్తోంది. చిటికెనవేలు పక్కవేలి మీదకు ఎక్కి ఉంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒకరి పాదాన్ని అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి.

“కితకితలెడతన్నారు బాబూ!” అని ఆవిడ నవ్వింది.

కుడికాలు అయిదు వచ్చింది. ఎడమకాలు అయిదున్నర. మళ్లీ కొలిచాను, అంతే వచ్చింది. నేను తయారుచేసిన ఫారంలో మనిషికి ఒకటే గడి ఉంది. స్కేలు పెట్టి, పేరు పేరుకీ ఆ గడిని రెండుగా చీల్చుకుంటూ కింది దాకా గీత గీశాను.

“అయిపోనాదేటండీ?” అంటూ అసిరితల్లి చెప్పుల్లో కాళ్లు దూర్చింది. “ఇంకో ఆరిళ్లున్నాయి. ఎలుగుండగా సూసీసొస్తాను.” సుద్దముక్కతో ఆ ఇంటి గోడమీద తారీఖు వేసి, పక్కింటి వైపు నడిచిపోయింది. కుంటు లేదు.